ముందు చక్రాల దగ్గర చప్పుడు: లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లతో మూడేళ్ల అనుభవం

2014లో కొన్న మా పెట్రోలు కారు 74,000 కిలోమీటర్లు దాటాక ముందు ఎడమ చక్రం దగ్గర చప్పుడు మొదలైంది. దానికోసం మార్పించిన భాగాల మీద మూడేళ్లలో 38,000 కిలోమీటర్లు తిరిగాను కనుక, ఏది నిలిచిందో, ఏది ఎందుకు నిలవలేదో ఇప్పుడు రాయగలను.

మొదట చూపించిన గ్యారేజీలో బండిని రెండు వీధులు తిప్పి, షాకబ్జార్బర్లు రెండూ మార్చాలన్నారు. వాటికి నూనె కారిన జాడ లేదు; బానెట్ మూలను గట్టిగా అదిమి వదిలితే బండి ఒక్కసారి లేచి నిలిచిపోతోంది. అందుకని ఒప్పుకోకుండా, చప్పుడు ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు రావడం లేదో వారం రోజులు కాగితం మీద రాసుకున్నాను. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఏమీ లేదు. పైపుల కోసం తవ్వి పూడ్చిన మా వీధిలో, ఒక చక్రం గుంటలోకి దిగి రెండోది పైనే ఉన్నప్పుడు మాత్రం, డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు లొటలొటలాడేది.

ఈ తేడాలోనే జవాబు ఉంది. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి ఎక్కువగా ఒరగకుండా ఎడమ, కుడి చక్రాల మధ్య ఉండే ఇనుప కడ్డీ) తన బిగింపుల్లో తిరుగుతుందే తప్ప మెలిపడదు. ఒకటి లేచి ఇంకొకటి దిగినప్పుడే మెలిపడి, ఆ బలాన్ని రెండు కొసలనూ చక్రాల వైపు కలిపే పొట్టి కడ్డీల మీద, అంటే లింక్ రాడ్ల మీద వేస్తుంది. మా మెకానిక్ లింక్‌లు రెండూ విప్పి, బార్ కొసలు దేనికీ తగలకుండా కట్టి, అదే వీధిలో మెల్లగా నడిపితే చప్పుడు పోయింది. (అలా విప్పిన బండి మలుపుల్లో ఎక్కువగా ఒరుగుతుంది కనుక దానితో పెద్ద రోడ్డు ఎక్కకూడదు.) ఎడమ లింక్‌ను చేతిలోకి తీసుకుంటే దాని పిన్ను వేలితో నెట్టినా ఊగిపోతోంది, రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు ఉండవలసిన చోట తుప్పు కలిసిన ఎర్రటి బురద ఉంది. కొత్త జతకు 1,400 రూపాయలయ్యాయి. షాకబ్జార్బర్లు ఈనాటికీ పాతవే.

ఆరు వేల కిలోమీటర్ల తర్వాత మరో రకం చప్పుడు వచ్చింది. బ్రేకు వేసినప్పుడు ఒకసారి, ఆ తర్వాత రివర్స్‌లో కదిలి బ్రేకు నొక్కినప్పుడు ఇంకొకసారి, 'ధడ్' మని ఒక్క దెబ్బ. ఈసారి లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు నుంచి బండికి కలిపే ఇనుప చేయి) వెనుక బుష్‌లో, అంటే ఆ చేయి బండికి కలిసే చోట ఉండే రబ్బరు కీలులో, రబ్బరు లోపలి ఇనుప గొట్టాన్ని వదిలేసింది. సందులో రాడ్డు పెట్టి తోస్తే ఆర్మ్ అంతా వెనక్కి జరిగింది. రెండు వైపులా బుష్‌లు మార్పించి, వీల్ అలైన్‌మెంట్ చేయించాను.

అవి ఏడు వేలకే చిరిగిపోయాయి. నాసిరకం సరుకు అంటగట్టారని విడిభాగాల దుకాణంతో గొడవ కూడా పడ్డాను. తప్పు సరుకుది కాదు. రెండోసారి విప్పిన పెద్దాయన చిరుగును చూపించి, "పోయినసారి బోల్టులు బండి జాకీ మీద ఉండగానే బిగించేశారా సార్?" అని అడిగారు. నిజమే, నేను పక్కనే నిలబడి చూశాను కూడా. చక్రం గాలిలో వేలాడుతుండగా బోల్టును పూర్తిగా బిగిస్తే, గొట్టం ఆ స్థితిలోనే పట్టుకుపోతుంది; బండి నేల మీదికి దిగగానే ఆర్మ్ పైకి లేచి రబ్బరు మెలిపడుతుంది, ఆగి ఉన్నంతసేపూ ఆ మెలిలోనే ఉంటుంది. ఆయన అదే రకం బుష్‌లు వేసి, బోల్టులను చేతి బిగువు వరకే ఉంచి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే టార్క్ రెంచ్‌తో (బిగువును కొలిచి బిగించే పానాతో) బిగించారు. ఆ బుష్‌లు ఇప్పటికి 25,000 కిలోమీటర్లు తిరిగాయి. మొన్న రాడ్డు పెట్టి చూస్తే ఒక్క పగులూ కనిపించలేదు. దుకాణం వారికి వెళ్లి క్షమాపణ చెప్పవలసి వచ్చింది.

లింక్ రాడ్లకు మాత్రం పూర్తి మార్కులు వేయలేను. కుడి వైపు దాని రబ్బరు తొడుగు మీద సన్నటి గీతలు పడ్డాయి. లోపలికి నీరు చేరిందంటే అది కూడా పాతదాని దారే పడుతుంది. మరొకటి, ఆగి ఉన్న బండిలో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే స్ప్రింగు 'టంగ్' మంటోంది. అది స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జార్బరు కలిసి ఉండే భాగం) పైనున్న మౌంట్ బేరింగ్ పని. వచ్చే సర్వీసులో రెండు వైపులా విప్పించాలి.