ఎన్నూరు వైపు పొగకు ఏది మేలు: తడి సున్నపురాయా, పొడి సోడానా?

చెన్నై శివారు ఎన్నూరులోని బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగలో సల్ఫర్ డయాక్సైడ్ వాయువును పట్టే రెండు దారులివి: సున్నపురాయి కలిపిన నీళ్లతో పొగను కడగడం (తడి), సోడా (సోడియం బైకార్బనేట్) పొడిని పొగలోకి ఊదడం (పొడి).

పెట్టుబడి: తడికి భారీ టవర్, పంపులు, బోలెడు నీళ్లు. పొడికి సైలో (పొడి నిల్వ చేసే పెద్ద డబ్బా), ఊదే గొట్టాలు చాలు.

సరుకు: టన్ను వాయువుకు సిద్ధాంతరీత్యా సున్నపురాయి 1.56 టన్నులు, సోడియం బైకార్బనేట్ 2.6 టన్నులు, పైగా ఖరీదు.

మిగిలేది: తడిలో జిప్సం, సిమెంటుకు పనికొస్తుంది. పొడిలో సోడియం బూడిదలో కలిసి దాని అమ్మకానికే ఎసరు పెడుతుంది.

అసలు మెలిక టారిఫ్‌లో, అంటే కరెంటు ధర లెక్కలో ఉంది. తడి ఖర్చు ఎక్కువగా ఫిక్స్‌డ్ ఛార్జీలోకి (కరెంటు తీసుకున్నా లేకున్నా కట్టే భాగం) వెళ్తుంది, విద్యుత్ కేంద్రం ఆగినా చెన్నై వినియోగదారు మోయాల్సిందే. పొడి ఖర్చు యూనిట్ ధరకెక్కుతుంది. దాన్ని మెరిట్ ఆర్డర్‌లో (యూనిట్ ధర తక్కువున్న కేంద్రాన్ని ముందు నడిపే వరుస) లెక్కేస్తే, శుభ్రంగా నడిచేదే వెనకపడి, మురికి కేంద్రం ముందు నడుస్తుంది. ఇది అన్యాయం, ఆ ఖర్చును విడిగా ఉంచాలి.

ఎన్నూరు దగ్గరి వల్లూరు విద్యుత్ కేంద్రంలో ఉన్నలాంటి 500 మెగావాట్ల యూనిట్లు రోజంతా నడుస్తాయనుకుంటే తడి. కొన్నేళ్లలో మూసేసే చిన్న యూనిట్‌కు, పాక్షికంగా తగ్గిస్తే చాలనుకుంటే, పొడి.