పాత దూలం గట్టిదే, రెండొందల ఏళ్ల మాటే అతకలేదు

ఉయ్యాల బల్ల చేయించుకుందామని పోయిన నెల మైసూరు రోడ్డు వైపు ఒక పాత కలప దుకాణంలో ఏడడుగుల టేకు దూలం కొన్నాను. ఓనరు మా అనంతపురం వైపు మనిషే. "రెండొందల ఏండ్ల ఇంటిది సార్, బర్మా టేకు. కావాలంటే గీతలు లెక్కబెట్టుకోండి" అన్నాడు.

నిజంగానే లెక్కబెట్టాను. కోసిన చివరను బ్లేడుతో నున్నగా చెక్కించి భూతద్దం పెట్టి చూస్తే టేకులో ఏడాది గీత చక్కగా తెలుస్తుంది. ఎదుగుదల మొదలైనప్పటివి పెద్ద రంధ్రాలు ఒక వరుస, ఆ తర్వాతవి చిన్నవి. టేకు అన్నది అక్కడే నమ్మాను. గీతలు మాత్రం 71 వచ్చాయి.

"మిగతావి చెక్కేసినారు సార్."

అందులో అబద్ధం లేదు. దూలం పలకలుగా చెక్కినప్పుడు బెరడూ తెల్లచెక్కా పోయి చేవే మిగులుతుంది. బెరడు పక్క గీత లేకపోతే చెట్టు ఏ ఏడు కొట్టారో చెప్పలేం. అయినా లెక్కతో తేలేది చెట్టు ఎన్నేళ్లు పెరిగిందన్నదే. ఏ కాలందో తేలాలంటే సన్నం, వెడల్పు గీతల వరుసని, ఏళ్లు తెలిసిన ఇంకో వరుసతో జత కలపాలి. వానలు తప్పిన ఏడు గీత సన్నబడుతుంది కదా, అదే ఆనవాలు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థవాళ్లు కేరళ టేకుకి 1481 నుంచి 2003 దాకా అలాంటి వరుస కట్టారు. మరి ఇది బర్మాదైతే కేరళ వానలతో దీనికేం పని? జాతి చూసి తేల్చుదామన్నా రెండూ ఒకటే టేకు. పైగా దూలం పక్కన ఏ అతుకుకీ సరిపోని పాత బెజ్జాలు రెండున్నాయి. ఆ ఇంటికంటే ముందే ఇంకెక్కడో మోసినట్టుంది.

బిల్లులో "పాత కలప" అని మాత్రమే రాశాడు. బర్మా టేకు అని రాయమంటే నవ్వాడు.

అసలు కోపం వేరే. మేకులన్నీ పీకేశామన్నారు. మా వడ్రంగి చిత్రిక పడుతుంటే లోపల విరిగిన మేకు తగిలి బ్లేడు పోయింది. ఫోన్ చేస్తే, "పాతదంటే మేకులుంటాయి కదా సార్!" వెళ్లేవాళ్లు జేబులో అయస్కాంతం వేసుకెళ్లండి.

చెక్క మాత్రం రాయి. ఎక్కడా పురుగు లేదు, కోస్తుంటే తోలు వాసన. అడుగుల లెక్కనే బేరమాడండి, వయసుకి విడిగా డబ్బులివ్వొద్దు. నేను 71 అన్నాక మొదట చెప్పిన రేటులో నాలుగో వంతు తగ్గించాడు.