‘నైట్రస్ రెడీ’ ఫ్యూయల్ ప్యాకేజీ కొంటున్నారా? పంప్ కొలిపించకుండా డబ్బు కట్టకండి

కారుకి నైట్రస్ (ఇంజిన్‌కి అదనపు పవర్ కోసం ఎక్కించే నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్) పెట్టించుకోవాలని చూస్తున్నవాళ్లు, ముఖ్యంగా పంప్, హోస్, రెగ్యులేటర్, వైరింగ్ అన్నీ కలిపి ‘నైట్రస్ రెడీ’ అని అమ్మే ప్యాకేజీ మీద కన్నేసినవాళ్లు కాస్త ఆగండి. నాకు దీన్ని అమ్మిన షాపు పేరు రాయడం లేదు. పేరు కంటే వాళ్లు బోల్తా కొట్టించిన తీరు తెలిస్తేనే ఎక్కువ పనికొస్తుంది. ఈ తీరు ఒక్క షాపుతో ఆగే రకం కాదు.

నాది 140 హార్స్‌పవర్ ఇంజిన్. దానికి 75 హార్స్‌పవర్ వెట్ కిట్ (నైట్రస్‌తో పాటు అదనపు పెట్రోల్ కూడా చిమ్మేది) వేద్దామని, ముందు ఫ్యూయల్ వైపు గట్టి చేయమని ఇచ్చాను. గంటకి 255 లీటర్ల పంప్, దానికి విడిగా రిలే, బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరు, ప్రెషర్ పడిపోతే నైట్రస్‌ని ఆపేసే సేఫ్టీ స్విచ్ - బిల్లు మీద ఇవన్నీ ఉన్నాయి. కారులో సగం లేవు.

అప్పగించేటప్పుడు ఒక వీడియో పంపారు. తాళం తిప్పగానే గేజ్ ముల్లు 43 పీఎస్ఐ దగ్గరికెళ్లి నిలబడింది. ‘చూశారుగా సార్, రాక్ స్టడీ, టెన్షన్ పడకండి’ అని వాయిస్ మెసేజ్ కూడా. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. పైపు కొసకి వేలు అడ్డం పెడితే సన్నని ధార కూడా దూరం చిమ్ముతుంది. అంతమాత్రాన బిందె తొందరగా నిండదు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు పెట్రోల్ తాగేవాడే లేడు కాబట్టి ఎంత నీరసం పంప్ అయినా 43 చూపిస్తుంది. చూడాల్సింది ఫుల్ థ్రాటిల్‌లో, సోలెనాయిడ్ (నైట్రస్‌ని వదిలే కరెంటు వాల్వ్) తెరుచుకుని ఉన్నప్పుడు ముల్లు ఎక్కడుందని.

లెక్క చూడండి. ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 0.3 లీటర్ల పెట్రోల్ కావాలి. 140కి 42 లీటర్లు చాలు. అందుకే నైట్రస్ లేకుండా ఎంత తోలినా ఏ తేడా కనిపించదు, ప్యాకేజీ బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. 75 కలిపితే అవసరం ఒక్కసారిగా 65 దగ్గరికి చేరుతుంది. పైగా నైట్రస్‌తో మిశ్రమం కాస్త రిచ్‌గానే (పెట్రోల్ పాలు ఎక్కువగా) ఉంచుతారు కాబట్టి ఇంకొంచెం కావాలి. నైట్రస్ స్వయంగా మండేది కాదు. బరువులో గాలిలో ఆక్సిజన్ 23 శాతం ఉంటే దీనిలో 36 శాతం. సుమారు 300 డిగ్రీల దగ్గర విడిపోయి ఆ ఆక్సిజన్‌ని వదులుతుంది. దానికి సరిపడా పెట్రోల్ అందకపోతే మిశ్రమం లీన్ అయి (పెట్రోల్ పాలు తగ్గి), నాకింగ్ (సిలిండర్‌లో అదుపు తప్పి పేలడం) మొదలై, పిస్టన్ల మీద పడుతుంది. ఇంకో సంగతి: బాటిల్ తన సొంత ప్రెషర్‌తో, 900 పీఎస్ఐ ప్రాంతంలో, నైట్రస్‌ని తోస్తూనే ఉంటుంది. పంప్ అలిసిపోయిందని అది తగ్గదు.

డైనో (కారుని నిలబెట్టి ఇంజిన్ పవర్ కొలిచే యంత్రం) మీద సరిగ్గా అదే జరిగింది. 5000 ఆర్‌పీఎం దాటేసరికి 43 దగ్గరుండాల్సిన ముల్లు 28కి దిగిపోయింది. ట్యూనర్ చప్పున కాలు తీసేశాడు. సేఫ్టీ స్విచ్ ఉండుంటే అదే ఆపేది. దాని కనెక్టర్ మాత్రం డ్యాష్ కింద టేపు చుట్టి వేలాడుతోంది, స్విచ్ లేదు. ప్లగ్గులు విప్పితే మూడో సిలిండర్ ప్లగ్ తెల్ల పింగాణీ మీద మిరియాల పొడి అంత సన్నగా వెండి చుక్కలు. అది పిస్టన్ అల్యూమినియం. కంప్రెషన్ కూడా ఆ సిలిండర్‌లోనే తగ్గింది.

తర్వాత పంప్‌ని కొలిచాం. రిటర్న్ పైపు (మిగిలిన పెట్రోల్‌ని ట్యాంక్‌కి తిరిగి తెచ్చేది) ఊడదీసి, కొస కొలత డబ్బాలో పెట్టి, ఇంజిన్ ఆపి పంప్ మాత్రం ఒక నిమిషం తిప్పడం. రెగ్యులేటర్ పని చేస్తూనే ఉంటుంది కాబట్టి ఆ ప్రెషర్ దగ్గర పంప్ తోసిందంతా డబ్బాలో పడుతుంది. (ఆరుబయట, స్పార్క్‌లకి దూరంగా, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన పెట్టుకునే చేయండి. రిటర్న్ లైన్ లేని కార్లకి ఈ పద్ధతి కుదరదు.) 255 లీటర్ల పంప్ నిమిషానికి 4 లీటర్లు దాటించాలి. ఆ రేటింగ్ 13.5 వోల్టుల దగ్గర ఇస్తారు, ఇంజిన్ ఆగి ఉంటే వోల్టేజ్ తక్కువ కాబట్టి మూడున్నర వచ్చినా ఊరుకునేవాణ్ణి. వచ్చింది 1.1 లీటర్లు. బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులుంటే పంప్ కనెక్టర్ దగ్గర 10.6. అంటే రిలే లేదు, పాత సన్నవైరే. మందపాటి వైరుతో నేరుగా కలిపి మళ్లీ కొలిస్తే కాస్త పెరిగిందిగానీ 2 లీటర్లు కూడా రాలేదు. పంపే వాళ్లు చెప్పిన పంప్ కాదు.

నాకు అన్నిటికంటే ఒళ్లు మండింది మాత్రం హోస్ చూశాక. ట్యాంక్‌లో పెట్రోల్‌లో మునిగి ఉండే ముక్క మీద ఎస్ఏఈ 30ఆర్7 అని అచ్చు ఉంది. అది తక్కువ ప్రెషర్ లైన్లకి వాడే హోస్. మునిగి ఉండేచోట 30ఆర్10 ఉండాలి. బయట హై ప్రెషర్‌కి వాడే 30ఆర్9 కూడా ట్యాంక్ లోపలికి పనికిరాదు, పెట్రోల్‌లో నానితే పైపొర పాడవుతుంది. మాది అప్పటికే ఉబ్బి, గోరు దిగేంత మెత్తబడింది. నైట్రస్ సంగతి అటుంచండి, మామూలుగా తిరుగుతున్నా ఇది ఊడితే కారు రోడ్డు మధ్యలో ఆగిపోతుంది.

టైమింగ్ రిటార్డ్, కోల్డ్ ప్లగ్గులు, ఆర్‌పీఎం విండో స్విచ్ గురించి ట్యూనర్లు ఎలాగూ చెప్తారు. ఫ్యూయల్ వైపే ‘అంతా చూసుకున్నాం’ అని దాటేస్తారు, ఎందుకంటే ట్యాంక్ మూత కింద ఎవరూ తొంగి చూడరు.

షాపువాళ్లని నిలదీస్తే వైరింగ్, స్విచ్ డబ్బులు తిరిగిచ్చారు. పంప్ మాత్రం ‘బిగించిన ఎలక్ట్రికల్ పార్ట్ వెనక్కి తీసుకోం’. ఇంజిన్ మాటెత్తితే బిల్లు వెనక ‘నైట్రస్ వాడకం కస్టమర్ బాధ్యత’ అన్న లైన్ చూపించారు. కాబట్టి పంప్ ట్యాంక్‌లోకి దిగకముందే బాక్సు, పార్ట్ నంబర్, హోస్ మీద అచ్చు ఫోటోలు తీసుకోండి. బిగించాక మీ ఎదుటే ఒక నిమిషం కొలిచి, ఆ అంకె బిల్లు మీద రాసివ్వమనండి. స్టాటిక్ ప్రెషర్ (ఇంజిన్ ఆగి ఉన్నప్పటి ప్రెషర్) వీడియో పంపిస్తామంటే వద్దనండి. కొలవడానికి ఒప్పుకోకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి. ఇప్పటికే ఇలాంటి ప్యాకేజీ వేయించుకున్నవాళ్లు బాటిల్ తెరవకుండా ముందు ట్యాంక్ మూత తీయించి హోస్ చూడండి.