వార్తల మీద వ్యాఖ్యానాలకు ఫీడ్ రీడర్: చాలా ఏళ్లు వాడాక నా సమీక్ష

సినిమా, సైన్స్, టెక్నాలజీ, రాజకీయం... వార్త ఏదైనా తమ అభిప్రాయం మొహమాటం లేకుండా రాసేవాళ్లంటే నాకిష్టం. వాళ్లను సోషల్ మీడియాలో కాకుండా ఫీడ్ రీడర్‌లో చదవడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. మనం ఎంచుకున్న సైట్ల కొత్త రాతలన్నీ ఒకేచోటికి తెచ్చిపెట్టే యాప్ ఇది. ఫీడ్ అంటే సైటు తన కొత్త రాతలను అందించే జాబితా. దాని చిరునామా ఒకసారి ఇస్తే చాలు, రాసిందంతా రాసిన వరుసలో వచ్చి చేరుతుంది. ఎవరి గొంతు పెంచాలో, ఎవరిది తగ్గించాలో తేల్చే అల్గారిథం మధ్యలో ఉండదు.

ఆ ఒక్క సుఖం కోసమే అయితే ఎప్పుడో వదిలేసేవాణ్ణి. అసలు లాభం పాతవి వెతుక్కోవడంలో ఉంది. వ్యాఖ్యానం వేడిగా ఉన్నప్పుడు అందరూ తెలివైనవాళ్లలాగే కనిపిస్తారు. ఆరు నెలలాగి చదివితే సరుకు తెలుస్తుంది.

2023 జులైలో దక్షిణ కొరియా పరిశోధకులు ఎల్‌కే-99 అనే పదార్థం గది ఉష్ణోగ్రతలో, మామూలు పీడనంలోనే సూపర్‌కండక్టర్ (నిరోధమే లేకుండా కరెంటును పారనిచ్చేది) అని ప్రకటించారు. అయస్కాంతం మీద చిన్న ముక్క ఒక పక్క పైకి లేచి నిలబడ్డ వీడియో వచ్చింది. ఇక చూడండి, కరెంటు తీగల నుంచి రైళ్ల దాకా ప్రపంచమే మారిపోతుందని రాతలు! అది సూపర్‌కండక్టర్ కాదని ఆగస్టులోనే తేలింది. విద్యుత్ నిరోధం ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపించడానికి కారణం అందులో కలిసిన కాపర్ సల్ఫైడ్ మలినం. మలినం లేని స్ఫటికాన్ని తయారుచేసి చూస్తే అది ఇన్సులేటర్, అంటే కరెంటును పారనివ్వనిది. ఇప్పుడు నా రీడర్‌లో ఆ పేరు కొట్టి వెతికితే ఎవరెవరు చిందులేశారో, వారిలో ఎవరు తర్వాత ఆ ఊసే ఎత్తలేదో వరుసగా కనబడుతుంది. ఇంకో ల్యాబ్ కూడా చేసి చూపించేదాకా ఆగుదాం అని మొదటి రోజే రాసినవాళ్లు తక్కువ. ఆ తర్వాత సైన్స్ వార్త ఏదొచ్చినా ముందు వాళ్లవే తెరుస్తున్నాను.

నిజానికి శాస్త్రవేత్తలే చాలాసార్లు వ్యాఖ్యాతల కన్నా జాగ్రత్తగా మాట్లాడతారు. 2011లో న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు కాంతిని మించిన వేగంతో వచ్చినట్టు లెక్క తేలినప్పుడు, ఆ ప్రయోగం చేసిన ఒపెరా బృందమే తమ ఫలితాన్ని సరిచూడమని మిగతావాళ్లను కోరింది. చివరికి 2012లో దొరికిన ముఖ్య కారణం సరిగ్గా బిగించని ఒక ఫైబర్ ఆప్టిక్ కేబుల్. అందుకే సైన్స్ ఫోల్డర్ వారానికోసారి తెరిస్తే చాలంటాను.

రాజకీయాలకు ఈ పరీక్ష ఇంకా బాగా పనికొస్తుంది. 2016లో బ్రెగ్జిట్ రెఫరెండానికి (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావాలా అన్న ఓటింగుకు) ముందు, అమెరికా ఎన్నికకు ముందు, ఫలితం ఇంకోలా ఉంటుందని చాలామంది రాసినదాన్ని, ఫలితం వచ్చిన మర్నాడు ఇది ముందే తెలిసిందేగా అన్న ధోరణిలో రాసినదాన్ని పక్కపక్కన పెట్టి చదవండి. మంచి హాస్యం. నేను వాడే రీడర్ తొలి కాపీని అలాగే ఉంచుతుంది కాబట్టి తర్వాత చేసే దిద్దుబాట్లు కూడా దొరికిపోతాయి.

సినిమా వ్యాఖ్యానం ఎక్కువగా ట్రైలర్ల మీద ఊహాగానమే. ఆ ఫోల్డర్ నేను పైపైన చూసి వదిలేస్తాను. కానీ 2023లో 148 రోజులు సాగిన హాలీవుడ్ రచయితల సమ్మె గురించి బాగా రాసింది టెక్నాలజీవాళ్లే. ఏఐ రాసిన స్క్రిప్టును ఎలా లెక్కగట్టాలన్నది ఒప్పందంలో అంత పెద్ద విషయమైంది మరి.

లోపాలు చెప్పాలి. చదవనివి ఇన్ని ఉన్నాయని చూపించే అంకె అనవసరమైన టెన్షన్. సెట్టింగుల్లో దాన్ని ముందు దాచేయండి. కొన్ని సైట్లు ఫీడ్‌లో మొదటి పేరా మాత్రమే ఇచ్చి మిగతాది తమ దగ్గరికొచ్చి చదవమంటాయి. వాటిని తీసేశాను. అంతకుముందు వాడిన ఒక యాప్, చెప్పాపెట్టకుండా పాత వ్యాసాలు చెరిపేసేది. గూగుల్ రీడర్ అంతటిది 2013 జులై 1న మూతపడింది కాబట్టి ఏ యాప్ వాడినా ఫీడ్ల జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా దించి దగ్గర పెట్టుకోవాలి. చదవదలచిన వ్యాసాలు అందులో రావు, చిరునామాలే వస్తాయి.

పెద్ద చిక్కు ఇంకోటుంది. నాకు నచ్చిన వాళ్లు చాలామంది వీడియోలకు మళ్లిపోయారు. యూట్యూబ్ ఛానెళ్లకూ ఫీడ్ ఉంటుంది, కొత్త వీడియో వస్తే రీడర్‌లో కనబడుతుంది. కానీ అందులో ఏమన్నారో వెతికితే దొరకదు. మాటలను అక్షరాల్లోకి మార్చి దాచిపెట్టే రీడర్ వస్తే డబ్బు కట్టి మరీ దానికి మారతాను.