జయనగర్ రూమ్‌లో ఆగిపోయిన ఫ్రిజ్, జేపీ నగర్ మిద్దె మీద రాగి బీరు

బెంగళూరులో రూమ్ బుక్ చేసుకునే ముందు ఒక్క మాట అడగండి, "కరెంటు కోసం గోడ స్లాట్‌లో పెట్టే రూమ్ కార్డు తీసుకుని మేం బయటికి పోతే ఫ్రిజ్ నడుస్తుందా, ఆగిపోతుందా?" అని. ఏసీ గురించి అడుగుతాం, వైఫై గురించి అడుగుతాం, బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీనా అని అడుగుతాం, ఇది మాత్రం ఎవరూ అడగరు, వాళ్ళూ చెప్పరు. ఇన్సులిన్ పెట్టుకునేవాళ్ళు ఉంటారు, చంటిపిల్లల పాలు పెట్టుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళందరికీ ఇది ముఖ్యమే. మేం పెట్టుకున్నది ఇంట్లో చేసిన రాగి బీరు, ఎనిమిది సీసాలు.

సంగతేంటంటే మా మరిది కిరణ్ బీటీఎం లేఅవుట్‌లో ముగ్గురు ఫ్రెండ్స్‌తో ఉంటాడు, అక్కడి వంటింట్లోనే బీరు చేస్తాడు. నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెప్తాను, ఈస్ట్ గురించి ఏ డౌటొచ్చినా రాత్రి పదకొండుకైనా సరే "వదినా, ఒక్క నిమిషం" అని ఫోన్ చేస్తాడు. అట్లా మాటల్లోనే రాగి మాల్ట్‌తో చేద్దామనే ఆలోచన వచ్చింది. మాల్ట్ నేనే ఇంట్లో చేసి పంపించా. రాగులు రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, తెల్లగా మొలకలొచ్చాక ఆరబెట్టి, అరచేతుల మధ్య నలిపితే ఆ మొలకలు పొట్టులాగా రాలిపోతాయి, చాటలో చెరిగేస్తే అయిపోయె. మన ఇళ్ళల్లో పిల్లలకి మాల్ట్ చేసేటప్పుడు దోరగా వేయిస్తాం కదా, బీరుకి మాత్రం వేయించకూడదు, వేడికి ఎంజైములు చచ్చిపోతాయి, పిండి చక్కెరగా మారదు, చక్కెర లేకపోతే ఈస్ట్‌కి తిండే లేదు. చానామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు.

పది లీటర్లకి రెండు కిలోల బార్లీ మాల్ట్, అర కిలో రాగి మాల్ట్, 66 డిగ్రీల నీళ్ళలో ఒక గంట నానబెట్టి, వడగట్టి, హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) వేసి ఇంకో గంట మరిగించి, చల్లార్చి ఈస్ట్ వేశాడు. చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ 1.048 నుంచి 1.011కి దిగింది, అంటే ఇంచుమించు 4.9 శాతం ఆల్కహాల్. సీసాలకి పోసేటప్పుడు లీటరుకి ఆరున్నర గ్రాముల చక్కెర వేసి మూత బిగించి పదిహేను రోజులు పెడితే గ్యాస్ దానంతటదే పడుతుంది. ఖర్చు మొత్తం 1,340 అయింది, అందులో హాప్స్, ఈస్ట్ ప్యాకెట్టే 850. ఇట్లా ఇంట్లో చేసుకునేవాళ్ళు కొంతమంది ఆదివారం ఒక చోట కలిసి సీసాలు మార్చుకుంటారు, ఒకరిది ఒకరు రుచి చూసి ఉన్నదున్నట్టు చెప్తారు, దానికే మేం బయల్దేరింది.

మా ఆయన ముట్టరు. "మీరిద్దరూ తాగుతుంటే నేనెందుకు అక్కడ" అని బస్సెక్కేదాకా సణుగుతానే ఉన్నారు. ఆర్టీసీలో ఇద్దరికీ 860, హెబ్బాళ దగ్గర ట్రాఫిక్ తప్ప ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు.

రూమ్ జయనగర్‌లో తీసుకున్నాం. కిరణ్ ఫ్లాట్లో మేం పట్టం, ఆ ఫ్రిజ్‌లో దోసెల పిండి గిన్నెలు తీస్తే తప్ప ఒక్క సీసాకి చోటు లేదు. ఈ రూమ్ పేజీలో "ఫ్రిజ్ ఉంది" అని ఫోటోతో సహా పెట్టారు, మీటింగ్ జరిగే జేపీ నగర్‌కి కూడా దగ్గర, రాత్రికి టాక్సుతో 2,730. రూమ్ శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళు వచ్చాయి, ఆ మాట కాదనను. సాయంత్రం సీసాలన్నీ ఫ్రిజ్‌లో నిలబెట్టాం. ఇంట్లో చేసిన బీరుని పడుకోబెట్టకూడదు, అడుగున ఈస్ట్ మడ్డి ఉంటుంది, ఒక రోజన్నా చల్లగా నిలబెడితే అది గట్టిగా కూర్చుంటుంది, గ్యాస్ కూడా బీరులో కలిసి నిలబడుతుంది. వెచ్చబడిన సీసా మూత తీస్తే సగం నురగై బయటికే పోతుంది.

సీసాలు పెట్టేసి గాంధీ బజార్‌లో విద్యార్థి భవన్‌కి పోయాం. 1943 నుంచి నడుస్తున్న హోటల్, శనివారం కదా, పేరు రాయించుకుని ముక్కాలు గంట నిలబడ్డాం. ఆ నిలబడేటప్పుడు మా ఆయన మొహం చూడాల్సింది, వెనక్కి పోదాం అని రెండుసార్లు అన్నారు. లోపలికెళ్ళాక సర్వరు ఒకే చేతి మీద దోసె ప్లేట్లు వరసగా పేర్చుకుని వచ్చి ఒక్కోటి టేబుల్ మీద దించుతుంటే సణుగుడు ఆగిపోయింది. దోసె పైన ఎర్రగా కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది, చట్నీ పల్చగా పోస్తానే ఉంటారు. మా ఊరి ఉగ్గాని బజ్జీ తప్ప ఇంకేదీ టిఫినే కాదనే మనిషి రెండో దోసె చెప్పారు. బెంగళూరు పోయి పబ్బుల్లో కూర్చోవడం కంటే ఈ క్యూలో నిలబడటం మేలు, నా మాట నమ్మండి. శుక్రవారం సెలవు, అది చూసుకుని పోండి.

రాత్రి పదింటికి వచ్చి ఫ్రిజ్ తీస్తే లైటు వెలగలా. కార్డు స్లాట్‌లో పెట్టినాక గుర్రుమని స్టార్టయింది. సీసా పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది, పైన ఐసు కరిగి ట్రేలో నీళ్ళు. అంటే మేం కార్డు తీసుకుని బయటికి అడుగుపెట్టిన నిమిషంలోనే ఫ్రిజ్ కూడా ఆగిపోయింది. కింద మేనేజరుని అడిగితే "కరెంటు ఆదా మేడమ్, అన్ని రూముల్లో అంతే" అన్నాడు. ఇంకో కార్డు ఇవ్వమంటే ఒక్క రూముకి ఒక్కటే అన్నాడు. మరి ఫ్రిజ్ ఉందని రాసింది దేనికి, మేం రూమ్‌లో కూర్చుని కాపలా కాస్తేనే నడిచే ఫ్రిజ్‌కి డబ్బులెందుకు కట్టాలి అంటే జవాబు లేదు, ఫోన్ చూసుకుంటా కూర్చున్నాడు.

కిరణ్ తన మెట్రో కార్డు ఆ స్లాట్‌లో పెట్టి చూశాడు, పనిచేసింది. ఇట్లాంటి చోట్ల ఏ కార్డైనా పెట్టి చూడండి, చాలా వాటికి సరిపోతుంది. సరే రాత్రంతా చల్లబడ్డాయి, గండం గడిచింది అనుకుని పొద్దున టిఫిన్‌కి పోయి వచ్చేసరికి మెట్రో కార్డు టేబుల్ మీదుంది, ఫ్రిజ్ మళ్ళీ చచ్చిపోయింది. క్లీనింగ్‌కి వచ్చిన పిల్లోడు తీసి పక్కన పెట్టిపోయాడు. వాడిని ఏమనగలం, లైట్లన్నీ ఆపి రమ్మని వాళ్ళు చెప్పుంటారు. ఒక సీసా ఎట్లుందో చూద్దామని కిరణ్ మూత తీస్తే భుస్సుమని ఎగజిమ్మింది, కర్టెనుకి, దుప్పటికి, మా ఆయన మడతపెట్టుకున్న చొక్కాకి. రెండు వారాల కష్టం దుప్పటి పీల్చేసుకుంది. కిరణ్ ఆ ఖాళీ సీసా పట్టుకుని మంచం మీద అట్లే కూర్చుండిపోయాడు, ఏమీ మాట్లాడలా, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఖాళీ చేసేటప్పుడు దుప్పటికి 500, "బయటి మందు తెచ్చినందుకు" 1,000 అని బిల్లులో రాశారు. అప్పుడు చూడాలి మా ఆయన్ని. ఈ బీరుతో నాకేం సంబంధం లేదన్న మనిషి, ఫోన్‌లో బుకింగ్ పేజీ తెరిచి, ఫ్రిజ్ అని రాసిన లైను, రూల్స్ అని రాసిన లైన్లు ఒక్కొక్కటీ చదివి వినిపించారు, బయటి మందుకి డబ్బులని ఎక్కడుందో చూపించమన్నారు. గొంతు పెంచలా, కదలలా, వెనక ఇంకో ఫ్యామిలీ నిలబడి వింటానే ఉంది. వెయ్యి కొట్టేశారు, 500 మాత్రం వదల్లేదు. నేను ఆ 500 గురించి ఇంకా ఫిర్యాదు నడుపుతానే ఉన్నా, మా మరకకి మేం కట్టడం వేరు, వాళ్ళ ఫ్రిజ్ చేసిన మరకకి మేం కట్టడం వేరు.

జేపీ నగర్‌కి ఆటో 112. సీసాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. మీటింగ్ ఒక రిటైర్డ్ ఇంజనీరు గారి మిద్దె మీద, పైన షీటు వేసుంది, పన్నెండు మంది దాకా ఉన్నారు, తెలుగువాళ్ళే నలుగురు. మా సంగతి వినగానే ఆయన ఒక్క మాట కూడా అడక్కుండా పెద్ద టబ్బులో ఐసు, నీళ్ళు, రెండు గుప్పిళ్ళ కల్లుప్పు వేసి మా సీసాలు మెడదాకా దించారు. ఉప్పేస్తే ఐసు నీళ్ళు సున్నా కంటే కిందికి పోతాయి, అరగంటలో చల్లబడ్డాయి. డబ్బులు తీసుకున్నవాడు చేయని పని ఇది.

ఇక్కడ పద్ధతి నాకు చానా నచ్చింది. సీసాల మీద పేర్లుండవు, నంబరు చీటీలే. తేలికవి ముందు, నల్లవి, ఘాటువి చివర. ఒక్కొక్కరికి ఒక గుక్కో రెండు గుక్కలో, మధ్యలో నోరు కడుక్కోవడానికి నీళ్ళు, ఉప్పు లేని బొరుగులు. మార్కులు బీజేసీపీ పద్ధతిలో, అది అమెరికాలో 1985లో మొదలైన బీరు జడ్జీల సంస్థ: వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో ఆడే తీరుకి 5, మొత్తం మీద 10, కలిపి 50. డబ్బులు ఎవరి చేతా మారవు, లైసెన్సు లేకుండా అమ్మడం నేరం, ఆ మాట ఇంజనీరు గారు మొదట్లోనే గట్టిగా చెప్పారు. ఎన్ని సీసాలు తెస్తే అన్ని తీసుకుపోవడం, అంతే.

ఒక జంట తెచ్చిన గోధుమ బీరు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే అరటిపండు వాసన, వెనకాల లవంగం. ఏమీ కలపలేదు, అదంతా ఆ ఈస్ట్ పనే. గది కాస్త వేడిగా ఉంటే అరటిపండు పైకొస్తుంది, చల్లగా ఉంటే లవంగం. వాళ్ళు 24 డిగ్రీల్లో పెట్టారట, అందుకే అంత పండు వాసన. ఒకతను తెచ్చిన ఐపీఏ (హాప్స్ ఎక్కువ వేసే చేదు బీరు) ఆకుపచ్చ సీసాలో బాల్కనీలో పెట్టాడు, వెలుతురు తగిలి హాప్స్ చేదు విరిగిపోయి కంపు పట్టింది. గోధుమరంగు సీసాలే వాడాలని అందుకే చెప్తారు. ఇంకో దాంట్లో గాయానికి వేసే ప్లాస్టర్ వాసన. అది చేసినతను ఈస్ట్‌ని తిట్టుకుంటున్నాడు, ఇంజనీరు గారు వాసన చూసి "నీళ్ళు ఎక్కడివి?" అన్నారు. కుళాయి నీళ్ళు. అందులోని క్లోరిన్ బీరులో ఉండే ఫినాల్స్ అనే పదార్థాలతో కలిస్తే ఈ వాసనే వస్తుంది. మెటాబైసల్ఫైట్ మాత్ర ఒకటి 75 లీటర్లకి సరిపోతుంది, పది లీటర్లకి చిన్న ముక్క వేస్తే పోతుందని చెప్పి, తన డబ్బాలోంచి నాలుగు మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చారు. అతను ఆ బీరు మూడుసార్లు పారబోశాడట. కాలేజీలో క్లోరోఫినాల్ అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో, ముక్కుతో తెలుసుకున్నది మాత్రం ఆ మిద్దె మీదే.

మాది ఐదో నంబరు. వాసనకి 8, చూపుకి 1, రుచికి 14, నోటికి 3, మొత్తానికి 7, 33 వచ్చాయి. మడ్డి లేచి మబ్బుగా ఉంది, ఆ చూపు దగ్గర పోయిన మార్కులు లాడ్జి ఖాతాలోవే, అందరూ అదే అన్నారు. రుచి గురించి మాత్రం విని కిరణ్ మొహం వెలిగిపోయింది. హాసన్ వైపు నుంచి వచ్చినాయన ఒక గుక్క తాగి, ఆగి, ఇంకో గుక్క తాగి, "ముద్దె అడుగు" అన్నారు. ముద్దె అంటే మన సంగటే. గిన్నె అడుగున అంటుకున్న సంగటి మాడు గీరుకుని తింటాం చూడండి, ఆ వాసనే, నాకూ అదే తట్టింది, పైకి చెప్పలేదంతే. నురగ నిలవట్లేదు, పది శాతం గోధుమ మాల్ట్ కలపండి అన్నారు, అది సరైన సలహా, గోధుమలోని ప్రొటీన్ నురగని పట్టుకుంటుంది. చిక్కమగళూరు కాఫీ వేసి స్టౌట్ అనే నల్ల బీరు చేసిన కుర్రాడికి 41, ఆ రోజు అన్నిటికంటే అదే బాగుంది. కాఫీని వేడినీళ్ళలో కాకుండా చల్లనీళ్ళలో రాత్రంతా నానబెట్టి కలిపాడట, అందుకే వగరు లేదు.

మా ఆయనకి ఇంజనీరు గారి భార్య మజ్జిగ, నిప్పట్లు పెట్టారు, ఇద్దరూ చెరుకు రేట్ల గురించి గంటన్నర మాట్లాడుకున్నారు. తిరిగి పిలిస్తే వస్తానన్నారు కూడా.

మరుసటి రోజు కిరణ్ కోసం ఇందిరానగర్ వైపు ఒక బ్రూపబ్‌కి, అంటే బీరు అక్కడే చేసి అమ్మే పబ్బుకి పోయాం. ఈ ఊళ్ళో వీటి సందడి 2010, 2011 ప్రాంతాల్లో మొదలైంది, ఇప్పుడు వీధికొకటి. అర లీటరు 450, టాక్సులు వేరే, పాటల మోతలో ఎదుటి మనిషి మాట వినపడలా. బీరు బాగుంది, కానీ దీన్నెట్లా చేశారండీ అని అడిగితే ఆ పిల్లోడికి మెనూలో ఉన్నదే తెలుసు. మాకది చాల్లేదు.

మార్చుకున్న సీసాలు కిరణ్ దగ్గరే పెట్టొచ్చాం. ఆంధ్రా సరిహద్దులో కొడికొండ చెక్‌పోస్టు దాటించే సాహసం ఎవరూ చేయకండి, లేబుల్ లేని సీసాకి మీరు ఏం చెప్పినా వినరు. రూమ్ సంగతికొస్తే, ఈసారి జేపీ నగర్‌లోనే ఒకటి చూశాం, ఓనరమ్మకి ఫోన్ చేసి ముందే అడిగా, ఫ్రిజ్‌కి లైను వేరే ఉందని వీడియో తీసి పంపింది, రాత్రికి 2,200. స్టౌట్ చేసిన కుర్రాడు రెండు కిలోల రాగి మాల్ట్ కావాలన్నాడు, మొన్ననే కొరియర్ చేశా, 180 అయింది. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో రాసి మరీ పంపించా, వేయించొద్దు అని.