ధరల మాడ్యూల్ చేయించుకోబోయే సంఘాలకు జాగ్రత్త హెచ్చరిక

కోనసీమలో అరటి, కొబ్బరి వర్తకం చేసే మా సంఘం, రోజువారీ మార్కెట్ ధరలు తన వెబ్‌సైటులో కనబడేలా ఒక మాడ్యూల్ (సైటుకు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్) చేయించుకొని నష్టపోయింది. ఇటువంటి పని చేయించే ఆలోచనలో ఉన్న రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, కడియం వైపు నర్సరీ యజమానులు, భీమవరం రొయ్యల వ్యాపారులు డబ్బు చెల్లించక ముందే ఈ సంగతులు తెలుసుకోవాలని రాస్తున్నాను.

మా సైటు డ్రూపల్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. కేంద్ర ప్రభుత్వపు డేటా డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్ మార్కెట్ యార్డుల ధరలను ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌ను సమాచారం అడిగే మార్గం) ద్వారా అందిస్తున్నది కనుక కొత్తగా సమాచారం సేకరించే అవసరమే లేదు; ఉన్న సేవను అడిగి, వచ్చిన జవాబును మన పేజీలో సరిగ్గా చూపించడమే పని.

అన్నిటికంటే పెద్ద లోపం తేదీలో జరిగింది. ఆ సేవ పంపే ప్రతి వరుసలోనూ సరుకు యార్డుకు వచ్చిన తేదీ, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర విడివిడిగా ఉంటాయి. మాకు అప్పగించిన మాడ్యూల్ ఆ తేదీని వదిలేసి, పేజీ తెరిచిన రోజు తేదీని ధర పక్కన వేసింది. సేవ నుంచి జవాబు రానప్పుడు, చివరిసారి దాచుకున్న ధరనే తీసి, దాని మీద కూడా ఆ రోజు తేదీనే చూపించింది. గెలలు ఇప్పుడే కోయించాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా అని చూసుకునే రైతుకు పాత ధరను నేటి ధరగా చూపించడం కంటే ఏమీ చూపించకపోవడమే మేలు. పైగా ఆ సేవలో ధరలు క్వింటాలుకు రూపాయల్లో ఉంటాయి. మా దగ్గర అరటి బేరం గెలల లెక్కన, కొబ్బరి బేరం వెయ్యి కాయల లెక్కన జరుగుతుంది. క్వింటాలు అన్న మాటే లేకుండా అంకె ఒక్కటే కనబడితే చదివేవారు ఏమని అర్థం చేసుకోవాలి?

కొన్ని మార్కెట్లు అసలు కనిపించకపోవడానికి కారణం ఏమిటని మాడ్యూల్ తయారుచేసినవారిని అడిగితే, ప్రభుత్వం ఆ సమాచారం ఇవ్వడం లేదన్నారు. తెలిసినవారి చేత కోడ్ చూపిస్తే, పోర్టల్ పరీక్ష కోసం అందరికీ ఇచ్చే నమూనా కీని (సేవను అడగడానికి కావలసిన గుర్తింపు సంకేతాన్ని) అందులో నేరుగా రాసిపెట్టారని బయటపడింది. ఆ కీ ఒకసారికి 10 వరుసలకు మించి ఇవ్వదు. పోర్టల్‌లో నమోదు చేసుకుంటే సంఘం పేరిటే సొంత కీ వస్తుంది.

సైటు గంటల తరబడి కదలకుండా ఉండడానికీ ఈ మాడ్యూలే కారణం. ఎవరు పేజీ తెరిచినా అది ప్రతిసారీ బయటి సేవను అడుగుతుంది. అందుకు వాడిన పీహెచ్‌పీ (డ్రూపల్ రాసిన ప్రోగ్రామింగ్ భాష) ఫంక్షన్, గడువు విడిగా పెట్టకపోతే మామూలుగా 60 సెకన్ల వరకు ఎదురుచూస్తుంది. డ్రూపల్ 8 నుంచి ఇటువంటి పిలుపుల కోసం గజిల్ అనే లైబ్రరీ (సిద్ధంగా ఉన్న కోడ్) డ్రూపల్ మూల భాగమైన కోర్‌లోనే ఉంది, జవాబులను కొంతసేపు దాచుకునే ఏర్పాటూ ఉంది. వాటిని ముట్టుకోకుండా, అవతలి సర్వర్ అసలుదేనా అని చూసే భద్రతా సర్టిఫికెట్ తనిఖీని కూడా ఆపేసి, దీనిని ప్రత్యేకంగా తయారుచేసిన మాడ్యూల్ అంటూ ధర కట్టారు.

ఇదే పద్ధతిలో ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం కూడా చూపిస్తామని వారు ప్రతిపాదించగా మేము ఒప్పుకోలేదు. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ అవుతాయి. గోదావరి పెరుగుతున్న వేళ నిన్నటి మట్టం నేటి తేదీతో కనబడితే, దానిని నమ్మి లంక గ్రామాలలో పశువులను, సామాన్లను కదలించకుండా ఉండిపోయేవారికి ఎవరు జవాబు చెప్పాలి?

ధరల పెట్టెను సైటు నుంచి తీసేశాము, చివరి వాయిదా నిలిపివేశాము. మీరు ఇటువంటి పని అప్పగిస్తే, కీ మీ సంఘం పేరిట ఉండాలనీ, కోడ్ మొత్తం మీకే అప్పగించాలనీ ఒప్పందంలో రాయించండి. చివరి వాయిదాకు ముందు, బయటి సేవ చిరునామాను మీ ఎదుటే తప్పుగా మార్పించి పేజీ తెరిచి చూడండి: సైటు వెంటనే తెరుచుకొని, ఆ ధర ఏ తేదీదో స్పష్టంగా చూపించాలి, లేదా సమాచారం అందలేదని చెప్పాలి. అలా జరగకపోతే డబ్బు ఇవ్వకండి.