పెద్దగట్టు చౌడమ్మ దగ్గర ఒక రాత్రి, గద్వాల జములమ్మ దగ్గర ఒక పూట

మొక్కు మా అత్తమ్మది. మా ఆయనకు యాక్సిడెంటై కాలికి రాడ్ వేసినప్పుడు, కొడుకు లేచి నడిస్తే చౌడమ్మకు బోనం, యాట (బలిచ్చే మేకో గొర్రెపోతో), జములమ్మకు చీరె, ఒడిబియ్యం అని ఆస్పత్రి వరండాలోనే మొక్కుకుంది. ఆమె మెట్టినిల్లు నల్గొండ, పుట్టినిల్లు పాలమూరు దిక్కు, అందుకే ఇద్దరమ్మలు. 2025లో జములమ్మ జాతర ఫిబ్రవరి 12న మాఘ పున్నమికి మొదలైతే, పెద్దగట్టు జాతర 16న ఆదివారం మొదలైంది. రెండూ దగ్గర దగ్గరగా పడ్డాయి కాబట్టి ఒకే ప్రయాణంలో రెండు మొక్కులూ తీర్చుకుందామని బయల్దేరాం.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, పెద్దగట్టు సూర్యాపేట దాటాక విజయవాడ రోడ్డు పక్కనే, దురాజ్‌పల్లి దగ్గర ఉంటుంది. గొల్లగట్టు అని కూడా అంటారు. జాతర రెండేళ్ళకొకసారి, ఐదు రోజులు. మేడారం తర్వాత తెలంగాణలో పెద్ద జాతర ఇదే. గట్టు మీద లింగమంతుల స్వామి, ఆయన చెల్లెలు చౌడమ్మ ఉంటారు. స్వామికి నీచు తగలకూడదు, యాటలన్నీ చౌడమ్మకే. ఈ తేడా తెలియక స్వామి గుడి ముందుకు యాటను తోలుకొచ్చినవాళ్ళను పక్కనున్న పెద్దవాళ్ళు వెనక్కి పంపడం నేనే చూశాను, కాబట్టి మొదటిసారి వెళ్ళేవాళ్ళు ముందే కనుక్కుని వెళ్ళండి.

జాతర రోజుల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే బండ్లను నార్కట్‌పల్లి దగ్గర నల్గొండ మీదికి మళ్ళిస్తారు, దాంతో మా ఊరు దాటడానికే చాలాసేపు పట్టింది. సూర్యాపేటలో వారం ముందే ఫోన్ చేసి గది మాట్లాడుకున్నాం. అప్పుడు 1,200 అన్నవాళ్ళు తీరా వెళ్ళాక 3,000 అన్నారు, "జాతర కదమ్మా" అని. ఇచ్చి లోపలికి వెళ్తే నల్లాలో నీళ్ళు రావు, కిటికీ లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అత్తమ్మ మాత్రం సంచులు కిందపెట్టనే లేదు, "లాడ్జిల పండుకునేటందుకు అచ్చినమా బిడ్డా, అమ్మ దగ్గరికే పోదాం పా" అంది. కారు అక్కడే వదిలేసి ఆర్టీసీ బస్సెక్కాం. అదే మంచిదైంది, సొంత బండ్లను చాలా దూరంలోనే ఆపేస్తున్నారు, బస్సు గట్టుకు దగ్గరగా దింపింది.

ఆ రాత్రి గురించి ఎంత చెప్పినా తక్కువే. కేసారం ఊరి నుంచి దేవరపెట్టె వస్తుంది, అందులోనే దేవుళ్ళ విగ్రహాలు ఉంటాయి. అది వస్తోందన్న మాట గట్టు మీదికి ముందే చేరిపోయింది, పడుకున్నవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. భేరీల మోత మొదట కాళ్ళ కింద తెలిసింది, తర్వాతే చెవులకు. గజ్జెల లాగులు తొడుక్కున్న యాదవులు ఎగురుతుంటే, "ఓ లింగా, ఓ లింగా" అని కొండ మొత్తం ఒక్క గొంతుతో అంటుంటే, దేవుడి గురించి ఎప్పుడూ మాట్లాడని మా ఆయన రెండు చేతులూ ఎత్తి అరిచాడు. ఆయన కాలు వంక చూస్తూ అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని గుడి చుట్టూ తిరిగారు. మేం ఒక టార్పాలిన్ పరుచుకుని, తెచ్చుకున్న రెండు దుప్పట్లలో ముగ్గురం సర్దుకున్నాం. తెల్లారుజామున చలి బాగా ఉంటుంది, పిల్లలుంటే స్వెట్టర్లు తప్పకుండా తీసుకెళ్ళండి. తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో రాత్రంతా చదువుతూనే ఉన్నారు, ఫోన్ నంబరు రాసిన చీటీ జేబులో పెట్టడం మరవద్దు.

సోమవారం బోనాలు. నాలుగింటికే అత్తమ్మ మూడు రాళ్ళు చూసి పొయ్యి పెట్టింది. కొత్త కుండ ఇంటి నుంచే తెచ్చుకున్నాం. బియ్యం, పాలు, బెల్లం వేసి వండింది, ఉప్పు చాలిందా తీపి చాలిందా అని రుచి చూడడం ఉండదు, అమ్మ కంటే ముందు నోట పెట్టకూడదు. కుండకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి, మెడకు వేపమండలు కట్టి, మూత మీద ప్రమిద పెట్టి నా నెత్తికెత్తింది. ఆ వేడి చుట్టబట్టలోంచి మాడుకు తెలుస్తూనే ఉంది. గాలికి దీపం రెండుసార్లు ఆరబోతే, ఖమ్మం దిక్కు నుంచి వచ్చిన ఒకామె, పేరు కూడా అడగలేదు, తన కొంగు అడ్డం పట్టి చౌడమ్మ గుడి దాకా నా పక్కనే నడిచింది. తన బోనం అప్పటికే ఇచ్చేసిందట, నా కోసం మళ్ళీ లైన్లోకి వచ్చింది.

యాటను ఊరి నుంచే తీసుకెళ్ళండి, అక్కడ చెప్పే ధరలు ఎక్కువ. కోసేవాళ్ళతో కూలి ఎంత, తల, తోలు ఎవరికి అన్నది ముందే మాట్లాడుకోవాలి. మేం మాట్లాడుకోక, చివర్లో గొడవ పడలేక 500 ఎక్కువిచ్చాం. మంగళవారం దేవుడి ముందు చంద్రపట్నం అనే ముగ్గు వేస్తారు, అది చూడకుండా బయల్దేరాల్సి రావడం నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంది.

మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా రాత్రికి మహబూబ్‌నగర్ చేరాం. అక్కడి లాడ్జి చిన్నదే అయినా గది శుభ్రం, చెప్పిన 900 మాత్రమే తీసుకున్నారు, అత్తమ్మ కాళ్ళు చూసి అడక్కుండానే బకెట్ వేడినీళ్ళు పంపారు. పొద్దున్నే భూత్పూర్ దగ్గర హైవే ఎక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణలో కాళ్ళు తడుపుకుని, ఎర్రవల్లి చౌరస్తాలో గద్వాల వైపు తిరిగాం.

జములమ్మ గుడి గద్వాల పక్కనే జమ్మిచేడులో, చెరువు ఒడ్డున ఉంటుంది. జమదగ్ని భార్య రేణుకనే ఇక్కడ జములమ్మగా కొలుస్తారు, కొడుకు పరశురాముడికీ గుడి ఉంది. తండ్రి మాట మీద తల్లి తల నరికి, మళ్ళీ తల్లినే వరంగా అడుక్కున్న కొడుకు కదా, అత్తమ్మ మా ఆయన చేత ముందు అక్కడే కొబ్బరికాయ కొట్టించింది. ఇక్కడ జాతర ఏటా ఉంటుంది, మంగళ, శుక్రవారాల్లో జనం ఎక్కువ. మేం వెళ్ళింది మంగళవారమే, అయినా పెద్దగట్టు తొక్కిసలాట చూసి వచ్చాక ఇది హాయిగా అనిపించింది. క్యూలో ముందు కన్నడం, వెనక కర్నూలు యాస. గద్వాలలో నేసేవాళ్ళ ఇంట్లోనే చీరె కొన్నాం, ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఒడిబియ్యం పోస్తూ అత్తమ్మ కన్నబిడ్డతో మాట్లాడినట్టే అమ్మవారితో మాట్లాడింది. చాలాసేపు, ఎవరూ తొందర పెట్టలేదు.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు, చంటిపిల్లల తల్లులు జములమ్మ దగ్గరికి నిశ్చింతగా వెళ్ళొచ్చు. పెద్దగట్టుకైతే, ఒంట్లో ఓపిక ఉన్నవాళ్ళు ఆదివారం రాత్రి గట్టు మీదే ఉండండి. పొద్దున వచ్చి దర్శనం చేసుకుని వెళ్ళేవాళ్ళకు దేవరపెట్టె రావడం దొరకదు. అలంపురం జోగులాంబ దాకా కూడా వెళ్దామనుకున్నాం కానీ పొద్దుగూకింది, అత్తమ్మ కాళ్ళు బాగా వాచాయి.

పెద్దగట్టు జాతర మళ్ళీ 2027లోనే. అత్తమ్మ ఆ టార్పాలిన్‌ను కడిగి, ఆరబెట్టి, మడతపెట్టి అటక మీద పెట్టించింది.